దారి దొంగ వేరు, ఇంటి దొంగ వేరు

ప్రశ్న: మా చెల్లెలు నాలుగు నెలలుగా భర్తకు దూరంగా, ఒంటరిగా ఉంటోంది. రోజూ రాత్రి మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుంటాం. కుదరనప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఈ మధ్య మా ఇద్దరి మధ్యే ఉండాల్సిన విషయాలు మరిది నోట వింటున్నాం. న్యాయవాదిని ఏ రోజు కలవబోతున్నామో ఆయనకు ముందే తెలిసింది. చెల్లెలు కొత్తగా తెరిచిన బ్యాంకు ఖాతా సంగతీ తెలిసింది. చివరికి ఆయన తల్లి గురించి నేనన్న ఒక మాటను పొల్లు పోకుండా నాకే అప్పజెప్పారు. ఒక్కసారి మాత్రం, చెల్లెలు తన స్నేహితురాలి ఫోను నుంచి నాతో చాలాసేపు మాట్లాడింది. ఆ సంగతులేవీ ఆయన దాకా వెళ్లలేదు. చెల్లెలు వాడుతున్న ఫోను పెళ్లయిన కొత్తలో ఆయన కొనిచ్చిందే, సిమ్ కూడా ఆయన పేరు మీదే ఉంది. తెలిసినవారొకరు 'మీ లైను ట్యాప్ చేస్తున్నారు, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లో మాట్లాడుకోండి, ఇక ఎవరూ వినలేరు' అన్నారు. నిజమేనా? మా అన్నయ్యేమో 'తప్పు చేయనివాళ్లకు దాపరికం ఎందుకు' అంటున్నాడు. అతనికి ఏమని చెప్పాలి?
– ఒక అక్క

సమాధానం: అమ్మా, మీరు 'ఒక్కసారి మాత్రం' అంటూ మామూలుగా రాసేసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. స్నేహితురాలి ఫోను నుంచి వచ్చిన కాల్ కూడా చేరింది మీ ఫోనుకే కదా. అందులోని మాట బయటికి పొక్కలేదంటే మీ ఫోను మీద అనుమానం చాలావరకు తీరినట్టే. రంధ్రం మీ చెల్లెలి వైపు ఉంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. మరిదికి చేరిన మూడు విషయాల్లో ఏది కాల్‌లో చెప్పుకున్నది, ఏది వాయిస్ మెసేజ్‌లో పెట్టినది? తీరిగ్గా గుర్తు చేసుకోండి. మెసేజ్‌లో పెట్టినది ఒక్కటైనా ఉంటే లైను ట్యాపింగ్ ఊహకు అక్కడితో కాళ్లు విరిగినట్టే. ఎందుకంటే వాట్సాప్‌లో వెళ్లే మెసేజ్‌లూ కాల్సూ 2016 ఏప్రిల్ నుంచే పూర్తి ఎన్‌క్రిప్షన్‌లో, అంటే దారిలో ఎవరికీ అర్థం కాని అంకెల ముసుగులో, వెళుతున్నాయి. లైను మీద చెవి పెట్టి కూర్చున్నవాడికి వాటిలోంచి ఒక్క ముక్క కూడా వినపడదు. అంటే మీకు చెప్పిన మందు మీ చెల్లెలు కొంతవరకు ఇప్పటికే వాడుతోంది. అయినా జబ్బు తగ్గలేదు.

అలాగని ఆ మందు పనికిరానిది కాదు. అది దేనికి పనిచేస్తుందో తెలిస్తే, దేనికి పనిచేయదో మీకే అర్థమవుతుంది.

మామూలు కాల్‌కు రక్షణ అసలే ఉండదనుకోవడం పొరపాటు. మీ ఫోనుకూ టవర్‌కూ మధ్య గాలిలో వెళ్లే మాటకు ముసుగు ఉంటుంది. టవర్ దాటి టెలిఫోను కంపెనీ యంత్రాల్లోకి చేరాక ఆ ముసుగు తీసేస్తారు. అవతలి టవర్ నుంచి మళ్లీ కొత్త ముసుగు వేస్తారు. నడుమ మాట మాటగానే ఉంటుంది. ఆ గాలి ముసుగు కూడా అన్ని చోట్లా గట్టిది కాదు. పాత 2జీ కోసం 1987లో తయారుచేసిన ఏ5/1 అనే పద్ధతిలో తాళంచెవి (ముసుగు వేయడానికీ తీయడానికీ వాడే రహస్య సంఖ్య) పొడవు 64 బిట్లే. దాన్ని ఛేదించడానికి కావలసిన పట్టికలను జర్మనీకి చెందిన కార్స్టెన్ నోల్ బృందం 2009లో అందరి ముందూ పెట్టేసింది. పైగా 2జీలో ఫోను తానెవరో టవర్‌కు నిరూపించుకుంటుంది గాని, 'నువ్వెవరు' అని టవర్‌ను అడగదు. అందుకే దొంగ టవర్ పెట్టి ఫోన్లను తన వైపు లాక్కోవడం సాధ్యమైంది. 3జీ నుంచి ఫోను కూడా ప్రశ్నించడం నేర్చుకుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పుడు 2జీని పూర్తిగా ఆపేసే మీట ఉంది. ఉంటే ఆపేయండి, 2జీ తప్ప మరో సిగ్నల్ అందని చోట ఉంటే తప్ప.

గాలిలో దొంగల కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాట మాటగా ఉండే ఆ నడిమి చోటే. గ్రీసులో 2004, 2005ల్లో ఏకంగా ప్రధానమంత్రి ఫోనుతో సహా వందకు పైగా మొబైల్ ఫోన్ల సంభాషణలను గుర్తు తెలియనివారు నెలల తరబడి విన్నారు. ఎలాగంటారా? చట్టబద్ధంగా నిఘా పెట్టడానికని టెలిఫోను ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లో ఉంచిన ఏర్పాటునే ఎవరికీ తెలియకుండా మేల్కొలిపి వాడుకున్నారు. కంచే చేను మేయడమంటే అదే. 2024లో అమెరికా టెలిఫోను కంపెనీల్లోకి విదేశీ హ్యాకర్లు చొరబడ్డారని బయటపడినప్పుడు, మాటలైనా రాతలైనా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌ల ద్వారానే పంపుకోవడం మేలని అక్కడి ప్రభుత్వ అధికారులే చెప్పాల్సి వచ్చింది.

ఎండ్-టు-ఎండ్ అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా అని. మాట మీ ఫోనులో ముసుగు వేసుకుంటే మళ్లీ మీ చెల్లెలి ఫోనులోనే తీస్తుంది. దారిలో టవర్ వాళ్లకు, యాప్ కంపెనీకి, మధ్యలో తొంగిచూసేవారికి చెత్త అంకెలే కనిపిస్తాయి. ఇక్కడ తెలివైనవారికి ఒక సందేహం రావాలి. ముసుగు తీసే తాళంచెవి రెండు ఫోన్ల దగ్గరా ఉండాలి కదా, మరి ఆ తాళంచెవిని ఒకరి నుంచి ఒకరికి పంపేది కూడా ఆ దొంగల దారినే కదా? వేల ఏళ్లుగా గూఢలిపి వాడినవారందరినీ వేధించిన ప్రశ్న ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ అగ్రనేతలు మాట్లాడుకోవడానికి 1943లో సిగ్‌సాలీ అనే యంత్రం పెట్టారు. దాని బరువు 50 టన్నులు దాటేది. మాటకు ముసుగుగా కలపడానికి, అర్థంలేని రొదను గ్రామఫోను రికార్డుల మీద ముద్రించేవారు. ఒకే రొదకు రెండు ప్రతులు, సముద్రానికి అటొకటి ఇటొకటి. వాడాక రెండింటినీ నాశనం చేసేవారు. అంటే తాళంచెవిని మనుషులు మోసుకెళ్లాల్సిందే! 1976లో అమెరికా పరిశోధకులు విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ఆ మోత అక్కర్లేదని చూపించారు. రెండు వైపులవారూ తమ తమ రహస్య సంఖ్యలను బయటపెట్టకుండా, వాటి నుంచి లెక్కకట్టిన వేరే సంఖ్యలను మాత్రం అందరి ముందే ఇచ్చిపుచ్చుకుని, చివరికి ఇద్దరూ ఒకే తాళంచెవికి చేరతారు. చూస్తున్నవారికి ఆ ఇచ్చిపుచ్చుకున్న సంఖ్యలన్నీ తెలిసినా తాళంచెవి దొరకదు. మీరు వాట్సాప్‌లో పచ్చ మీట నొక్కి 'హలో' అనేలోపు ఇలాంటి లెక్క అయిపోతుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాకపోతే అందులో ఒక లొసుగు ఉంది. సరిగ్గా మధ్యలో ఎవరైనా నిలబడి, మీతో 'నేనే మీ చెల్లెలిని' అని, ఆమెతో 'నేనే మీ అక్కను' అని చెప్పి ఇద్దరితోనూ విడివిడిగా తాళంచెవి కుదుర్చుకుంటే? గూఢలిపి నిపుణుడు ఫిల్ జిమ్మర్‌మన్ కాల్స్ కోసం రూపొందించిన తన జడ్‌ఆర్‌టీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో దీనికి ముచ్చటైన విరుగుడు వాడాడు. కాల్ మొదట్లో రెండు ఫోన్ల మీదా ఒక చిన్న పదమో అక్షరాల గుంపో కనిపిస్తుంది. ఒకరు చదువుతారు, ఇంకొకరు సరిచూసుకుంటారు. నడుమ మనిషి ఉంటే రెండు తెరల మీదా వేర్వేరు అక్షరాలు వస్తాయి. చదివేది అక్క గొంతే కాబట్టి దొంగ ఆ గొంతును అనుకరించాలి. అన్ని కాపలాల్లోకీ తోబుట్టువు గొంతును కాపలా పెట్టడం నాకు మహా నచ్చింది. (గొంతును కృత్రిమంగా పుట్టించే రోజులొచ్చాక అది మునుపటంత గట్టి కాపలా కాదన్నది వేరే మాట.) టెలిగ్రామ్ కాల్‌లో కనిపించే నాలుగు బొమ్మలు ఆ దారిలోవే. సిగ్నల్ అనే యాప్‌లో, వాట్సాప్‌లో ఒక్కో పరిచయానికి 60 అంకెల సంఖ్య ఉంటుంది. పేరు నొక్కి లోపలికి వెళితే వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ అన్నచోట, సిగ్నల్‌లో సేఫ్టీ నంబర్ అన్నచోట దొరుకుతుంది. ఎదురుపడ్డప్పుడు ఒకరి తెర మీది క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేస్తే చాలు, అంకెలు చదివే పని తప్పుతుంది. ఒక్కసారి చేస్తే మళ్లీ ఫోను మార్చేదాకా అక్కర్లేదు. ఫోను మార్చకుండా, యాప్ మళ్లీ పెట్టుకోకుండా ఆ సంఖ్య మారిందన్న హెచ్చరిక వస్తే మాత్రం విషయమేమిటో ఆమెను వేరే దారిన అడిగాకే మనసులో మాట చెప్పండి.

ఏ యాప్ అన్న ప్రశ్నకు ఎక్కువ సమయం వృథా చేయకండి. నన్నడిగితే సిగ్నల్. కాల్స్‌కూ మెసేజ్‌లకూ మొదటి నుంచే పూర్తి ఎన్‌క్రిప్షన్, మీ గురించి దాచుకునే సమాచారం అతి తక్కువ. 2016లో అమెరికా కోర్టు ఆదేశం మీద ఒక ఖాతా వివరాలు అడిగితే, ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి సర్వర్‌కు కలిసిన తేదీ తప్ప వారి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. వాట్సాప్, ఫేస్‌టైమ్ కాల్స్ కూడా కొస నుంచి కొస దాకా ముసుగులోనే వెళతాయి. టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య కాల్‌కు ఆ రక్షణ ఉంది గాని మామూలు చాట్‌లకు లేదు. చాలామందికి ఈ తేడా తెలియదు. ఇద్దరి దగ్గరా ఒకే యాప్ ఉండాలి. యాప్ నుంచి మామూలు నంబరుకు చేసే కాల్ సగం దారిలోనే ముసుగు తీసేస్తుంది. ఇక 'ఎన్‌క్రిప్షన్' అని రాసి ఉన్నంత మాత్రాన సంతోషపడిపోవద్దు. కొస నుంచి కొస దాకా అని జూమ్ ఏళ్ల తరబడి చెప్పుకున్నది నిజం కాదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో ఆరోపించింది.

ఇదంతా దారి దొంగకు. మీకున్నది ఇంటి దొంగ, అతణ్ని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ముసుగు వేసేదీ తీసేదీ ఫోనులోనే కాబట్టి, ఫోనులోనే ఒకరు కూర్చుని ఉంటే వారికి ముసుగుతో పనే లేదు. 2019లో వాట్సాప్ కాల్స్‌లోని ఒక లోపాన్ని వాడుకుని, అవతలివారు కాల్ ఎత్తకపోయినా సుమారు 1,400 మంది ఫోన్లను పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌కు గురిచేశారు. అక్కడ ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ బద్దలు కొట్టలేదు, దాని పక్క నుంచి నడిచి వెళ్లారు. మీ మరిదికి అంత హంగు అక్కర్లేదు. ఆయన కొన్న ఫోను, బహుశా ఆయన తెరిచి ఇచ్చిన గూగుల్ ఖాతా, ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్.

నా అనుమానాలు ఇవి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలు కాల్స్ అన్నింటినీ తమంతట తామే రికార్డు చేసే ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడో ఒకసారి దాన్ని ఆన్ చేసి, ఆ ఫైళ్లు క్లౌడ్ ఖాతాలోకి చేరేలా పెట్టి ఉంటే, ఆయన ఎక్కడున్నా తీరిగ్గా వినవచ్చు. మీ మాటను పొల్లు పోకుండా అప్పజెప్పారన్నారు కదా, అలా అప్పజెప్పేవారు సాధారణంగా రెండుసార్లు విన్నవారే అయి ఉంటారు. రెండోది వాట్సాప్‌లోని లింక్డ్ డివైజెస్. ఆమె ఖాతా వేరే కంప్యూటర్‌లోనో ఫోనులోనో తెరిచి ఉంటే వాయిస్ మెసేజ్‌లన్నీ అక్కడా పలుకుతాయి. చూడటానికి అర నిమిషం పట్టదు. మూడోది డబ్బిచ్చి కొనుక్కునే గూఢచారి యాప్. ఫోను కొద్ది నిమిషాలు చేతికి చిక్కితే చాలు, పెట్టేస్తారు. పేరు, గుర్తు ఏవో మామూలు సెట్టింగుల యాప్‌లాగే ఉంటాయి. అలాంటివాటిలో కొన్ని కాల్స్‌నే కాదు, ఫోను చుట్టూ వినిపించే మాటలను కూడా రికార్డు చేయగలవు. స్పైఫోన్ అనే కంపెనీని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఈ నిఘా వ్యాపారం నుంచే నిషేధించింది. ఈ సంత ఎంత బాహాటంగా నడిచేదో ఊహించుకోండి. *#21# (స్టార్ హ్యాష్ 21 హ్యాష్) కోడ్ నొక్కితే ఫోను ట్యాప్ అయిందో లేదో తెలుస్తుందన్న సందేశం మీకూ వచ్చే ఉంటుంది. ఆ కోడ్ చెప్పేది మీకొచ్చే కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అన్నది మాత్రమే. అది చూసుకోవడం మంచిదే, కానీ 'లేదు' అని వచ్చిందని గుండెల మీద చెయ్యి వేసుకోవద్దు.

ఇప్పుడు చాలా జాగ్రత్తగా చదవాల్సిన భాగం. ఇది చదివిన వెంటనే మీ చెల్లెలికి ఫోను చేసి 'ఫలానా మీట ఆపేయి, ఫలానా యాప్ తీసేయి' అనకండి. మొదటి కారణం, ఆ మాట ఆయన కూడా వింటారు. రెండో కారణం అంతకంటే ముఖ్యం. నిఘా పెట్టిన మనిషికి ఉన్నట్టుండి చెవులు పోతే ఏం చేస్తాడో చెప్పలేం; మాటలతో పోయేది చేతల్లోకి రావచ్చు. ఆయన కోపం ఎలాంటిదో మీ చెల్లెలికి తెలుసు. ఎప్పుడు ఏది ఆపాలన్న నిర్ణయం ఆమెదే కావాలి. మూడో కారణం, ఆ ఫోనులో ఉన్నది రుజువు. అన్నీ తుడిచేసి శుభ్రం చేస్తే న్యాయవాది చేతిలో చూపడానికి ఏమీ మిగలదు. ముందు న్యాయవాదికి లేక పోలీసులకు చూపించండి. ఒకరి కాల్స్‌ను వారికి తెలియకుండా వినడం చాలా దేశాల్లో నేరం, భర్త అయినా సరే.

అందుకని పాత ఫోనును బాగుచేయడం కంటే, ఆయన చెయ్యి ఎన్నడూ తగలని కొత్త ఫోను ఒకటి పెట్టుకోవడం మేలు. ఖరీదైనది అక్కర్లేదు, భద్రతా అప్‌డేట్లు ఇంకా అందుతున్నదైతే చాలు. సిమ్ ఆమె పేరు మీదే తీసుకోవాలి. ఇప్పటి సిమ్ ఆయన పేరు మీద ఉన్నంత కాలం ఆమె ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోను చేసిందన్న పట్టీ ఆయనకు చేరే వీలుంది, అవసరమైతే డూప్లికేట్ సిమ్ కూడా తెచ్చుకోగలరు. ఎన్‌క్రిప్షన్ మాటను దాస్తుంది గాని, మాట్లాడారన్న సంగతిని పూర్తిగా దాచలేదు. న్యాయవాది నంబరుకు అరగంట కాల్ వెళ్లిందని తెలిస్తే చాలు, లోపల ఏమనుకున్నారో వినాల్సిన పనేముంది? యాప్‌లో చేసే కాల్ ఆ పట్టీలో కాల్‌గా కనిపించదు, డేటా వాడినట్టు మాత్రమే కనిపిస్తుంది. ఈ ఒక్కందుకైనా యాప్ వాడదగ్గదే. కొత్త ఖాతాను కొత్త ఫోనులోనే తెరవాలి. పాత ఫోను నుంచి బ్యాకప్ తెచ్చి ఇందులో పోయకూడదు. దయ్యాన్ని మూటగట్టి కొత్తింటికి తెచ్చుకున్నట్టవుతుంది. ఆయన ఊహించలేని పాస్‌వర్డ్, పుట్టినరోజు కాని పిన్, సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ (ఆ నంబరుతో వేరే ఫోనులో ఖాతా తెరవబోతే పిన్ అడిగే తాళం) పెట్టుకోవాలి. ఆమె వేలిముద్ర తప్ప మరెవరి వేలిముద్రా అందులో ఉండకూడదు. పాత ఫోనును కొన్నాళ్లు మామూలుగానే వాడనివ్వండి. ఆరోగ్యం, వాతావరణం, పిల్లల చదువులు, అందులో ఇంకేమీ వద్దు. కొత్త ఫోనులో మీతో మాట్లాడేటప్పుడు పాతది పక్క గదిలో ఉండాలి. అది ఆమె దిండు పక్కనే ఉంటే కొత్తదాని ఎన్‌క్రిప్షన్ ఎంత గొప్పదైనా ఒకటే, ఆమె మాట పాతది వింటుంది.

మీ వైపు కూడా కొంచెం చూసుకోండి. మీ ఫోను శుభ్రమన్నాను గాని, స్పీకర్‌లో పెట్టి మాట్లాడే అలవాటు ఉంటే మానండి. లింక్డ్ డివైజెస్ మీదీ ఒకసారి తెరిచి చూడండి.

మీ అన్నయ్య ప్రశ్నకు పెద్ద వాదన అక్కర్లేదు. ఆయన తన భార్యతో మాట్లాడాలనుకున్నప్పుడు తలుపు దగ్గరికి వేస్తారా లేదా? అది నేరం చేయడానికా? మీ చెల్లెలు దాచుకోవాలనుకున్నది తప్పును కాదు, తన తర్వాతి అడుగును. ఆ అడుగు మరిదికి ముందే తెలిసిపోతోంది; న్యాయవాది దగ్గరికి వెళ్లే రోజు ఇప్పటికే ఒకసారి బయటపడిపోయింది. ఇంకా నచ్చకపోతే, తన ఫోను తాళం తీసి ఒక్క రోజు మీ మరిది చేతికి ఇమ్మనండి.

ఇంకొక్క మాట. ఈ జవాబును మీ చెల్లెలి ఫోనుకు పంపకండి, ఫోటో తీసి కూడా పంపకండి. ఆమెను కలిసినప్పుడు, రెండు ఫోన్లూ వేరే గదిలో పెట్టి, మీరే చదివి వినిపించండి.